అప్‌డేట్: ముందు టైర్ల లోపలి అంచు అరుగుదల, కొత్త టైర్ల ఎంపిక

మా స్విఫ్ట్ ముందు టైర్లు రెండూ లోపలి అంచున మాత్రమే నున్నగా అరిగిపోయాయని, తక్కువ ఖర్చులో ఏ టైర్లు వేయించాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ముందు కారణం తేల్చుకోమన్న సలహాయే అన్నిటికన్నా పనికొచ్చింది. కారును లిఫ్టు మీద ఎక్కించి చూడగా లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు చట్రానికి కలిపే కింది కడ్డీ) కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌లు పగిలిపోయి ఉన్నాయి. అవి వదులుగా ఉన్నంతకాలం అలైన్‌మెంట్ (చక్రాల కోణాలను సరిచేయడం) ఎన్నిసార్లు చేయించినా నిలవదని, చక్రాల ముందుభాగం బయటికి తిరిగి లోపలి అంచు రోడ్డుకు రాసుకుంటూనే ఉంటుందని మెకానిక్ గారు వివరించారు. అందువల్ల బుష్‌లు మార్పించిన తరువాతనే అలైన్‌మెంట్ చేయించి, టో (చక్రాల ముందుభాగం లోపలికో బయటికో తిరిగిన కోణం), క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం) కొలతలున్న ప్రింటవుట్‌ను అడిగి తీసుకున్నాను. (కొన్నిచోట్ల అడగనిదే ఇవ్వరు.)

వెనుక టైర్లలో గాడుల లోతు ఇంకా బాగానే ఉన్నందున రెండే కొన్నాను. సెకండ్ హ్యాండ్ టైర్లు చవకే గానీ, లోపలి దెబ్బలు పైకి కనిపించవు కనుక వాటి జోలికి పోలేదు. కంపెనీ సూచించిన 165/80 ఆర్14 సైజునే, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును సూచించే సంఖ్య) తగ్గకుండా, పేరున్న దేశీయ కంపెనీ సాధారణ రకంలో ఎంచుకుని, పక్కగోడపై నాలుగంకెల తయారీ కోడ్ (2325 అంటే 2025లో 23వ వారం) చూసి తాజా స్టాకు తెప్పించుకున్నాను. తడి రోడ్డుపై వెనుక భాగం జారకుండా కొత్తవి వెనక్కి, పాత వెనుకవి ముందుకు వేయించాను. ప్రస్తుతానికి ముందు టైర్ల రెండు అంచులూ సమానంగానే అరుగుతున్నాయి. తదుపరి సర్వీసులో మళ్లీ కొలిపిస్తాను.