తాడు పేనుతారా, అల్లుతారా?

పిల్లల కథలో ‘తాత అరుగు మీద కూర్చొని తాడు అల్లుతున్నాడు’ అని రాయవచ్చునా అని అడిగారు. అక్కడ ‘పేనుతున్నాడు’ అనే ఉండాలి. ఈ రెండు క్రియల తేడా నులక మంచం దగ్గర తేటగా తెలుస్తుంది: నులకను పేనుతారు, ఆ నులకతో మంచాన్ని అల్లుతారు. అల్లికలో ఒక పాయ మరొకదాని మీదుగానో కిందుగానో సాగుతుంది. జడ, బుట్ట, తడిక అన్నీ ఆ కోవలోనివే. పేనడానికి ప్రాణం పురి, అంటే పాయను తిప్పినప్పుడు దానిలో పడే మెలిక.

మా తాతయ్య జనుము నార పేనుతుంటే నేను పక్కన కూర్చొని నార అందించేవాణ్ణి. తడిపిన నారను రెండు పాయలుగా తీసి, తొడ మీద పక్కపక్కన పెట్టి, అరచేత్తో ముందుకు దొర్లిస్తే దేని పురి దానికి ఎక్కేది. చెయ్యి వెనక్కి తీయగానే ఆ రెండూ ఎదురు దిశలో ఒకదానినొకటి చుట్టుకొని తాడయ్యేవి. పాయల్లోని పురి విడిపోవాలని చూసినకొద్దీ తాడు బిగుస్తుంది. అందువల్ల ‘మెలిపెట్టు’ అన్న మాట కూడా ఇక్కడ చాలదు. తడిబట్టను మెలిపెట్టి వదిలితే విప్పుకుంటుంది; పేనిన తాడు విప్పుకోదు.

దూది నుంచి నూలు తీయడం వడకడం. పోగులను కలిపి పురి ఎక్కించడం పేనడం. వరిగడ్డిని పేనితే వచ్చేది వెంటి, మూడు పేటలు కలిపి పేనితే ముప్పేట తాడు. తలలోని పేనుతో తికమక వస్తుందన్న భయం అక్కరలేదు, అది బహువచనంలో ‘పేలు’ అవుతుంది.

‘రెండు కుటుంబాల బంధం పేనుకుపోయింది’ అని ఈమధ్య ఒకచోట చదివాను. అక్కడ ‘పెనవేసుకుపోయింది’ అనడమే సరి. తీగలూ బంధాలూ తమంతట తాము పెనవేసుకుంటాయి, తాడును మాత్రం ఎవరో ఒకరు కూర్చొని పేనాలి.

హైదరాబాదులో ఉండే మనకు తాడంటే బేగంబజారులో కొనుక్కునే సుతిలీ (జనపనార పురికొస), నైలానే కనుక ఈ క్రియ నోటికి రావడం తగ్గిపోయింది, ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. పిల్లలకు తెలియదని ఆ మాటను తీసివేయకండి. బొమ్మ వేసేవారితో చెప్పి, తాత తొడ మీద రెండు నార పాయలు, వాటి మీద అరచెయ్యి కనబడేలా గీయించండి.