1994 లండన్, సూపర్‌హీరో కామిక్: అడ్రినలిన్ డోసు నోటితో ఎలా అడిగేవారు?

స్క్రిప్టు అమెరికన్‌ది, సీను మాత్రం 1994లో లండన్ ఆసుపత్రి క్యాజువాలిటీ. హీరోకి గుండె ఆగిపోతుంది. మొదటి డ్రాఫ్టులో డాక్టర్ 'ఎపినెఫ్రిన్' అంటాడు. బ్రిటన్‌లో అది అడ్రినలిన్, మార్చేశాను. లిడోకైన్‌ను లిగ్నోకైన్ చేశాను, ఫ్యూరోసెమైడ్‌ను ఫ్రూసెమైడ్ చేశాను, ఎందుకంటే అంతర్జాతీయ పేర్లు అక్కడ అప్పటికింకా వాడుకలోకి రాలేదు. మానిటర్ మీద గీత చదునుగా ఉండగా షాక్ ఇస్తున్నట్టు బొమ్మ వేశారు. అది శుద్ధ తప్పు, అసిస్టోలీకి, అంటే గుండెలో విద్యుత్ చలనమే లేని స్థితికి, షాక్ పనిచేయదు. షాక్ పనిచేసే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి వణకడం) గీత వేయించాను.

తేలనిది డాక్టర్ మాట రాసే ఒక్క బెలూన్. డోసు సిరలోకి 1 మి.గ్రా., అంటే 10,000లో 1 ద్రావణం (10,000 మి.లీ.లో 1 గ్రాము మందు) 10 మి.లీ. 1000లో 1 అయితే 1 మి.లీ. చాలు. ఈ రెండు గాఢతలూ తారుమారైతే పదిరెట్ల తేడా, అందుకే ఊహించి రాయలేను. ఆనాటి మందుల పుస్తకాల్లో పేరు, డోసు దొరికాయి గానీ నోటి మాట దొరకలేదు. బెలూన్‌లో ఆరు మాటలే పడతాయి.

90లలో బ్రిటన్ ఆసుపత్రుల్లో పనిచేసిన మన డాక్టర్లు, నర్సులు చెప్పండి: కార్డియాక్ అరెస్ట్ (గుండె ఆగిన) సమయంలో డాక్టర్ 'అడ్రినలిన్ ఒక మిల్లీగ్రామ్' అని అడిగేవారా, 'పది వేలలో ఒకటి, పది మిల్లీలీటర్లు' అనేవారా?