నార్మండీ తొలి వారంలో జర్మన్ ట్యాంకులు ఎందుకు నెగ్గలేకపోయాయి?

ప్రశ్న (నల్లగొండ నుంచి):
1944 జూన్ 6న మిత్రపక్షాలు నార్మండీ తీరంలో దిగిన తరువాతి నాలుగైదు రోజుల ట్యాంకు పోరాటం గురించి చదువుతున్నాను. ఒమాహా తీరం వద్ద ఒక అమెరికన్ బెటాలియన్ నీటిలోకి దింపిన 29 తేలియాడే షెర్మన్ ట్యాంకులలో 27 మునిగిపోయాయి. ఒడ్డుకు చేరినవాటి 75 మిల్లీమీటర్ల ఫిరంగి జర్మన్ పాంథర్ ట్యాంకు ముందు కవచాన్ని ఛేదించగలిగేది కాదు. అయినా, ఇంకా కాలూనని శత్రువును జర్మన్లు సముద్రంలోకి నెట్టలేకపోయారు. ఇదంతా విమానాల పుణ్యమేనా? మా మిత్రుల మధ్య ఈ వాదన తెగడం లేదు.

జవాబు 1 (మహబూబ్‌నగర్, విశ్రాంత సైనికుడు):
విమానాల కంటే ముందు గడియారం చూడండి సార్. తీరానికి దగ్గరలో ఉన్న 21వ పాంజర్ (జర్మన్ ట్యాంకు) డివిజన్‌ను ఉదయం ఆర్న్ నదికి తూర్పున దిగిన పారాచూట్ దళాల మీదికి పంపి, ఆ తరువాత పడమటి వైపు తిరగమన్నారు. బాంబుదాడులతో శిథిలమైన కాన్ పట్టణం గుండా దారి చూసుకుని వచ్చేసరికి సాయంత్రమైంది. పదాతిదళంలో కొందరు సముద్రం దాకా చేరారు గానీ, ట్యాంకులు పెరియే మిట్ట దగ్గర బ్రిటిష్ ఫిరంగులకు చిక్కి ఆగిపోయాయి. వెనుక ఉన్న పాంజర్ లేర్, 12వ ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) డివిజన్లను కదిలించాలంటే హిట్లర్ అనుమతి కావాలి. అది దొరికేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. తీర రక్షణ చూస్తున్న జర్మన్ సేనాని రొమెల్ ఆ ఉదయం భార్య పుట్టినరోజుకని జర్మనీలో ఉన్నాడు.

జూన్ 9న నోరే గ్రామం దగ్గర జరిగింది మీ ప్రశ్నకు సరైన ఉదాహరణ. పన్నెండు పాంథర్లు గ్రామం మీదికి వస్తూ తమ పక్కభాగాన్ని కెనడియన్ల వైపు పెట్టాయి. అక్కడ పొంచి ఉన్న షెర్మన్‌లలో 17 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగి అమర్చిన ఫైర్‌ఫ్లైలు కూడా ఉన్నాయి. నిమిషాల్లో ఏడు పాంథర్లు ధ్వంసమయ్యాయి. ముందు కవచం ఎంత మందమైనా, గుండు పక్కనుంచి వస్తే అది అక్కరకు రాదు.

జవాబు 2 (మిర్యాలగూడ నుంచి):
పై మాటకు ఒక చేర్పు. పడమట అమెరికన్ల వైపు నేల వేరు. అక్కడ పొలాల మధ్య మట్టికట్టలు, వాటిపై ముళ్లపొదలు, చెట్లు. మా ఊళ్లో ట్రాక్టరు పెద్ద గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి, నడిపేవారికి బానెట్టూ ఆకాశమూ తప్ప మరేమీ కనబడదు. షెర్మన్ గతి కూడా అంతే: ఫిరంగి ఆకాశంలోకి, అంగుళానికి మించని అడుగుపలక శత్రువు ఎదుటికి. తీరంలో జర్మన్లు పాతిన ఇనుప అడ్డంకులనే కోసి, కోరల్లా ముందు అతికించి కట్టలు చీల్చే ఉపాయం జూలైలో గాని రాలేదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. అంటే విమానాల పాత్ర చిన్నదా?

జవాబు 1 రాసినవారు:
చిన్నదని అనను. పాంజర్ లేర్ పగటిపూట రోడ్డెక్కి దారిపొడవునా దాడులకు గురైంది. ట్యాంకులు దాదాపు వచ్చేశాయి, పెట్రోలు లారీలే కాలిపోయాయి. జూన్ 10న లా కేన్‌లోని పాంజర్ దళాల ప్రధాన స్థావరంపై బాంబులు పడి, ఉమ్మడి ఎదురుదాడి పథకం వేస్తున్న అధికారుల్లో అనేకమంది చనిపోయారు. అప్పటికే ఆ డివిజన్లు ఒక్కొక్కటిగా వచ్చి, ఒక్కొక్కటిగా గండ్లు పూడ్చే పనిలో పడిపోయాయి. మిత్రపక్షాలకూ సాఫీగా సాగలేదు సుమా: తొలిరోజే పట్టుకోవాలనుకున్న కాన్‌లో ఉత్తర భాగం జూలై 9న గాని వారి చేతికి రాలేదు.