రివ్యూలో సెట్ తీసేసి లిస్ట్ పెట్టమన్నారు, మార్చాలా?

ప్రశ్న:
ఒక ఓపెన్ సోర్స్ పైథాన్ ప్రాజెక్టుకి పుల్ రిక్వెస్ట్ (నా కోడ్ మార్పు కలుపుకోమనే అభ్యర్థన) పంపానండీ. ఫైళ్లలోని ట్యాగులన్నీ ఏరి ఇచ్చే చిన్న ఫంక్షన్. ఒకే ట్యాగు రెండుసార్లు రాకూడదని సెట్ (రిపీట్లు, వరుస ఉండని గుంపు) రిటర్న్ చేశాను. ప్రాజెక్టు చూసుకునే మెయింటెయినర్ గారు మాత్రం మిగతా ఫంక్షన్లన్నీ లిస్టే (వరుస ఉండేది) ఇస్తున్నాయి, ఇదీ అలాగే ఉండాలి అంటున్నారు. వెతకడానికి సెట్టే వేగం కదా? ఒప్పుకోవాలా, వాదించాలా?

జవాబు:
మార్చేయండి. ఫంక్షన్ లోపల ఏం వాడుకున్నా మీ ఇష్టం, బయటికి ఇచ్చేది మాత్రం నలుగురూ వాడుకునేది. పక్క ఫంక్షన్లు లిస్ట్ ఇస్తుంటే, దీన్ని పిలిచేవాళ్లు కూడా అలవాటుగా సున్నా ఇండెక్స్, అంటే మొదటి అంశం, అడుగుతారు. సెట్ దగ్గర అది టైప్ ఎర్రర్. జేసన్‌గా (డేటాని టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్) రాయబోయినా అంతే, పైథాన్‌తో వచ్చే జేసన్ మాడ్యూల్ సెట్‌ని నేరుగా తీసుకోదు.

ఎర్రర్ వస్తే నయం, వెంటనే తెలిసిపోతుంది. అసలు టెన్షన్ వరుసతోనే. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల హ్యాష్ (సెట్‌లో వాటి చోటు నిర్ణయించే సంఖ్య) మామూలుగా ప్రతి రన్‌కీ మారుతుంది. అందుకే అవే ట్యాగులు ఇప్పుడు ఒక వరుసలో, మళ్లీ నడిపితే ఇంకో వరుసలో రావచ్చు. మీ దగ్గర పాసైన టెస్టు సీఐలో (మార్పు పంపగానే టెస్టులు తానే నడిపే వ్యవస్థ) ఫెయిలవుతుంది, ఏమీ మార్చకుండా ఇంకోసారి నడిపితే పాసవుతుంది. ఇలాంటి తప్పుని పట్టుకోవడం చాలా కష్టం.

రిపీట్లు పోవాలి, వరుస ఉండాలి అంటే డిక్ట్‌కి (కీ, విలువ జతలు దాచేది, ఒకే కీ రెండుసార్లు ఉండదు) ఉన్న ఫ్రమ్‌కీస్ మెథడ్‌కి ట్యాగులు ఇచ్చి, వచ్చినదాన్ని లిస్టుగా మార్చండి. చేర్చిన వరుసనే డిక్ట్ నిలుపుతుందని 3.7 నుంచి భాషే హామీ ఇస్తోంది.

మళ్లీ అడిగినది:
సరేనండీ. కానీ ఒకచోట ఆ ఫలితంలోనే లూప్‌లో వెతుకుతున్నాను. వేల ట్యాగులుంటే స్లో అవదా?

జవాబు:
అవుతుంది, మీ అనుమానం సరైనదే. లూప్‌కి ముందు ఆ లిస్టుతో ఒక సెట్ చేసుకుని అందులో వెతకండి. లూప్ లోపల చేస్తే మాత్రం ప్రతి చుట్టుకీ కొత్త సెట్ తయారై ఉన్న లాభం కాస్తా పోతుంది.

ఇంకొకరి జవాబు:
పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను. అయితే పాత కోడ్‌లో ఉన్నదల్లా అనుసరించాలని కాదు. ఆరేడు విలువలున్న టపుల్ (పేర్లు లేకుండా వరుసగా పెట్టిన విలువలు) ఇచ్చే ఫంక్షన్లు చూస్తుంటాం, ఏ స్థానంలో ఏముందో ఎవరికీ గుర్తుండదు. అక్కడ ప్రతి విలువకీ పేరుండే డేటాక్లాస్ మేలని నేనైతే గట్టిగానే చెబుతాను. కాకపోతే దానికి విడిగా ఇష్యూ (ప్రాజెక్టులో చర్చకి పెట్టే అంశం) తెరవండి, మార్పు అన్ని ఫంక్షన్లకీ కలిపి ప్రతిపాదించండి. ట్యాగుల పుల్ రిక్వెస్టులో ఇది కలిపితే రెండూ ఆగిపోతాయి.