సమస్య: "నావ మునిఁగెఁ గాని నవ్వె సెట్టి"

ఈసారి ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలు రాసి పూరించాలి. కాలం కాకతీయులది, మనిషి వర్తకుడు. ఆస్తి నీళ్ళపాలైనా సెట్టి ఎందుకు నవ్వాడన్నదే చిక్కు. పిచ్చెక్కి నవ్వాడంటే ఒప్పుకోను, లెక్క తేలాలి.

పానగల్లు తమ్ముడి పూరణ:

మోటుపల్లి రేవు ముంగిట గాలికి
నొరిగె నోడ, సరకు లొడ్డుఁ జేరె
రాజు ముట్టఁడన్న రాతిపల్కును జూచి
నావ మునిఁగెఁ గాని నవ్వె సెట్టి

భేష్ తమ్ముడూ! 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం పట్టుకున్నావు. అంతకుముందు రాజులు తుపానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా గుంజుకునేవారు. సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని ఈయన రాతిమీద మాటిచ్చాడు. ఆ సుంకం ముప్పైకి ఒకటి. ఓడను ఒరగదోయడానికి ఉత్త 'గాలి' చాలదు. 'ముంగిట గాలికి' బదులు 'ముంచు తుపానుకు' అంటే గణాలు, యతి చెడవు, బలమూ వస్తుంది.

దేవరకొండ అన్న పూరణ:

రాత్రి సరకు దింపి రాళ్ళను నింపించి
మునిఁగెనేని యప్పు ముగియు ననుచు
పత్రమందుఁ బెట్టి పంపెఁ గడలిలోకి
నావ మునిఁగెఁ గాని నవ్వె సెట్టి

అన్నా, ఎత్తు గట్టిదే. యాజ్ఞవల్క్య స్మృతిలో అడవిదారుల వ్యాపారికి వడ్డీ నెలకు నూటికి పది, సముద్రం దాటేవాడికి ఇరవై. అసలు సొమ్మే గల్లంతయ్యే భయం ఉంది గనకే అంత వడ్డీ. ఆ భయాన్నే మీ సెట్టి సొమ్ము చేసుకున్నాడు. 'కడలిలోకి' మాత్రం పద్యంలో వాడుకమాటై పంటికింద రాయిలా తగిలింది. 'పంపెఁ గడలి దాఁట' అనండి.

సూర్యాపేట అక్క దీనికి అడ్డుపడింది: "నూటికి ఇరవై తీసుకునేవాడు అంత అమాయకుడా? తన మనిషిని ఓడ ఎక్కించడా? ఆ సాక్షి నోరు సెట్టి ఎట్లా మూయించాడో పద్యంలో లేదు." మంచి ప్రశ్న. అన్న జవాబు: "సాక్షికీ వాటా ఉందమ్మా, మూడు పాదాల్లో ఎంతని ఇరికించను?" నాకు అక్క మాటే సబబనిపిస్తుంది. కుట్ర రాసినప్పుడు మోసపోయేవాడికి కూడా తెలివి ఉండాలి.

కొల్లాపూర్ చెల్లె పూరణ:

కృష్ణ వరద వచ్చి కెరటాలు లేవఁగా
పల్లి మూట లన్ని పాడుగాఁగ
మనుమఁ డీఁదుకొనుచు మరల నొడ్డునఁ జేర
నావ మునిఁగెఁ గాని నవ్వె సెట్టి

కృష్ణ ఒడ్డున సోమశిల రేవు ఎరిగిన చెయ్యి ఇది. 'కృ'కు 'కె'తో యతి చక్కగా కుదిరింది. కానీ చెల్లె, పల్లీ అమెరికా ఖండం పంట, కాకతీయుల నాటికి మన నేలమీద లేదు. 'నువ్వు మూట లన్ని నురగఁ గలియ' అని మార్చు. తెల్లటి నురగలో నువ్వులు తేలుతుంటే ముసలాయన చూపు మాత్రం పిల్లవాడి తలమీదే ఉంటుంది. లెక్క తేలాలన్నాను, ఇక్కడ తేలింది. మూడింటిలో నా ఓటు దీనికే.

ఆదివారం దాకా పూరణలు పంపవచ్చు. అక్కా, ఆ సాక్షి కథ మీరే రాయండి.