నెలకోసారి పెద్ద రిలీజా, రోజూ చిన్న మార్పులా?

బిల్లింగ్ టీమ్, హైదరాబాద్:
మాది ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. టీమ్‌లో పదకొండు మందిమి. నెలాఖరు శనివారం రాత్రి రిలీజ్, అంటే ఆ నెల మార్పులన్నీ కలిపి ఆసుపత్రులకు పంపడం. దానికి ముందు, మార్పులకు అనుమతిచ్చే అప్రూవల్ బోర్డు మీటింగ్. అందులో కూర్చునేవాళ్లలో మా కోడ్ చూసినవాళ్లు ఒక్కరూ ఉండరు. ఈమధ్య క్యాష్ కౌంటర్ వాళ్లు ఒక చిన్న మార్పు అడిగారు: అడ్వాన్స్ రసీదు మీద ఐపీ నంబర్ (ఆసుపత్రిలో చేరిన రోగికి ఇచ్చే నంబర్) రావాలి. రాయడానికి పూట పట్టింది, కౌంటర్‌కు చేరడానికి 34 రోజులు. అన్నాళ్లూ వాళ్లు ప్రతి రసీదు మీదా పెన్నుతో రాసుకున్నారు. మాకేమో ఆ స్ప్రింట్‌లో (కొన్ని వారాల పని విడతలో) స్టోరీ పాయింట్లు, అంటే పని ఎంతైందో లెక్కకట్టే అంకెలు, పెరిగాయని మెచ్చుకోలు! నాకు చాలా బాధేసింది. ఏ రోజు మార్పు ఆ రోజే పంపుదామని మేనేజర్‌ని అడగాలనుకుంటున్నాను. మీరేమంటారు?

బ్యాంకు ఆపరేషన్స్, చెన్నై:
నేను ఒప్పుకోను. తేడా వస్తే రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేది మేమే. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ కంపెనీ కొత్త కోడ్‌తో మార్కెట్‌లోకి దిగింది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఆ కోడ్ ఎక్కింది. ఎనిమిదో దాంట్లో ఏళ్ల తరబడి వాడని పాత ప్రోగ్రామ్ లేచి కూర్చుని ఇష్టమొచ్చినట్టు ఆర్డర్లు వేసింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. డబ్బుతో ముడిపడిన చోట బోర్డు ఉండాల్సిందే.

టెస్టర్, విశాఖ:
అన్నా, ఆ కథ పూర్తిగా చూడండి. కోడ్‌ను సర్వర్లకు ఎక్కించింది మనిషే, సరిగ్గా ఎక్కిందో లేదో రెండో మనిషి చూడలేదు. మార్కెట్ తెరవకముందే సిస్టమ్ నుంచి 97 మెయిళ్లు వచ్చాయి, వాటిని ఎవరూ పట్టించుకోలేదు. సరిచేయబోయి బాగున్న ఏడు సర్వర్లలోంచే కొత్త కోడ్ తీసేశారు, దాంతో ఇంకా ముదిరింది. ఇందులో ఏది బోర్డు మీటింగ్‌లో దొరికేది? సాఫ్ట్‌వేర్ టీమ్‌ల పనితీరు మీద చేసే డోరా సర్వేల్లోనూ బయటి బోర్డు అనుమతి పెట్టిన చోట పని నెమ్మదించిందే గానీ, ఫెయిలయ్యే మార్పులు తగ్గినట్టు తేలలేదు. పైగా నెల రోజుల పనంతా కలిపి ఎక్కిస్తే, తేడా వచ్చినప్పుడు అరవై మార్పుల్లో ఏది కారణమో వెతకాలి. ఒక్కటే పంపితే వెతికే పనే ఉండదు.

బ్యాంకు ఆపరేషన్స్, చెన్నై:
వెతుకులాట సంగతి నిజమే, ఆ నరకం నేనూ పడ్డాను. కానీ చిన్న మార్పు అయినంత మాత్రాన ప్రమాదం చిన్నది కాదు తమ్ముడూ. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ పంపింది ఒక చిన్న అప్‌డేట్ ఫైలే. ఒకేసారి అందరికీ పంపారు, దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి, విమానాలు ఆగిపోయాయి. కాబట్టి ముందు ఒక్క చోటే పంపండి, ఒక పూట చూడండి, తర్వాతే మిగతా చోట్లకు. డేటాబేస్ టేబుల్ మార్చే పని మాత్రం ఇందులో కలపొద్దు. కోడ్‌ను వెనక్కి తీసుకోవచ్చు, చెరిపేసిన కాలమ్‌లోని డేటాను మళ్లీ తేవడం అంత తేలిక కాదు. ఇంకోటి, మార్పు పంపినవాళ్లే ఆ రాత్రి ఫోన్ దగ్గర ఉండాలి. దీనికి ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు.

బిల్లింగ్ టీమ్, హైదరాబాద్:
ఒప్పుకుంటాను, ఫోన్ మా దగ్గరే ఉంటుంది. రసీదుల ప్రింటింగ్ వరకే మొదలుపెడతాం, అదీ ఒక ఆసుపత్రిలో ఒక్క కౌంటర్‌లో. టేబుల్ మార్పులు ఎప్పటిలాగే నెలాఖరుకు. స్టోరీ పాయింట్లు పక్కన పెట్టి, కౌంటర్ వాళ్లు అడిగిన రోజు నుంచి వాళ్ల చేతికి అందిన రోజు దాకా ఎన్ని రోజులు పట్టిందో రాస్తాం. గురువారం మేనేజర్‌తో మీటింగ్ ఉంది. టెస్టర్ గారూ, రోల్‌బ్యాక్‌ను (పంపిన మార్పును వెనక్కి తీసుకోవడాన్ని) ముందుగా టెస్ట్ సర్వర్ మీద మీరెలా ప్రాక్టీస్ చేస్తారో కాస్త వివరంగా రాస్తారా? మాకు అది ఇప్పటిదాకా అలవాటు లేదు.