లోపలి పని పూర్తయ్యాకే పడవ నీళ్లలోకి దించాలా, దించి చేసుకోవాలా?

లిటెల్టన్_గాలి (క్రైస్ట్‌చర్చ్, న్యూజిలాండ్):

అందరికీ నమస్కారం. 2017లో మన నేవీ అధికారిణులు ఆరుగురు తారిణి అనే తెరచాప పడవ మీద ప్రపంచం చుట్టి వస్తూ మా దగ్గరి లిటెల్టన్ రేవులో ఆగారు. వాళ్లలో విశాఖ నుంచి స్వాతి గారు, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య గారు ఉన్నారు. ఊరికే చూసి వద్దామని వెళ్లి తెరచాప పిచ్చి అంటించుకుని వచ్చాను. మరుసటేడు ప్లాన్లు కొన్నాను. 9 మీటర్ల పడవ, ప్లైవుడ్, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్), పైన గ్లాస్ క్లాత్. ఊరి బయట ఒక రైతు షెడ్డు అద్దెకు తీసుకున్నాను. వారాంతాలు, సెలవులు అన్నీ అక్కడే పోయాయి.

ఇప్పటికి హల్ (పడవ ఒళ్లు), డెక్ (పై కప్పు), అడుగున బరువుకి సీసం కీల్, పెయింట్ అయ్యాయి. సెకండ్‌హ్యాండ్ డీజిల్ ఇంజిన్ కూర్చుంది, మాస్ట్, అంటే తెరచాప స్తంభం, షెడ్డు పక్కన పడుకుని ఉంది. లోపల మాత్రం బల్క్‌హెడ్లు అనే అడ్డగోడలు, నడిచే నేల తప్ప ఏమీ లేదు. వంటగట్టు లేదు, టాయిలెట్ లేదు, వైరింగ్ లేదు, ఒక్క అల్మరా లేదు.

డబ్బు అడుగంటింది. నా ప్రశ్న ఇదీ. ఈ డిసెంబరుకి, అంటే ఇక్కడి వేసవికి, దించేసి రెండు పరుపులు, ఒక క్యాంపు స్టవ్, ఒక బకెట్‌తో తిరుగుతూ మిగతాది మెల్లగా చేసుకోనా? ఇంకో రెండేళ్లు షెడ్డులోనే ఉంచి పూర్తిచేయనా? నాకైతే దించేయాలని ఉంది. తిట్టండి, కానీ కారణం చెప్పి తిట్టండి.

ఎపాక్సీ_చేతులు (సియాటిల్ దగ్గర):

దించకు తమ్ముడూ. నేను దించాను, అనుభవించాను.

నువ్వు దించాక చేసే మొదటి పని ఏదో ఒక బల్ల బిగించడం. ఒడ్డున పడవని వాటర్‌లైన్ (నీటి మట్టం వచ్చే గీత) ప్రకారం సరిచేసి నిలబెట్టుకుంటాం కాబట్టి లోపల ఎక్కడైనా రసమట్టం పెట్టి గీత గీయొచ్చు. నీళ్లలో రసమట్టం దేనికీ పనికిరాదు. పక్క నుంచి ఒక మోటర్ బోటు పోతే చాలు, బుడగ అటూ ఇటూ పరుగెడుతుంది. నేను బల్క్‌హెడ్ మీద పాత గీతల్ని, మూలమట్టాన్ని నమ్ముకుని సముద్రపు మ్యాపులు పరిచే చార్ట్ బల్ల బిగించాను. ఇప్పటికీ నీళ్లు అద్దంలా ఉన్న రోజు కూడా దాని మీద పెట్టిన పెన్సిల్ ఎడమవైపు దొర్లి కింద పడుతుంది. మా అమ్మాయి దానికి 'నాన్న బల్ల' అని పేరు పెట్టింది.

ఇక టేబుల్ రంపం షెడ్డులో, పడవేమో పడవలు కట్టేసుకునే మెరీనాలో. కొలత తీసుకుని, నలభై నిమిషాలు కారు నడిపి, కోసి తెచ్చి పెట్టి చూస్తే అర అంగుళం ఎక్కువ. మళ్లీ కారు. చెక్క నునుపు చేసే సాండర్ పెడితే పక్క పడవ ఆయన తెల్ల డెక్ మీద ధూళి పడిందని ఫిర్యాదు. షెడ్డులో ఒక వేసవిలో అయ్యే పని నాకు నాలుగేళ్లు పట్టింది. పైగా మెరీనా అద్దె నెలనెలా తప్పదు.

తాళ్ళరేవు_వాడు (హైదరాబాద్):

నేను పడవ కట్టలేదు, కట్టేవాళ్ల మధ్య పుట్టాను. మా తాతలది తాళ్ళరేవు వైపు. 1839 తుపాను ముంచేయక ముందు పక్కనే కోరంగి పెద్ద రేవు, ఓడలు కట్టే ఊరు. ఊరు పోయినా ఆ పని చుట్టుపక్కల ఇంకా బతికే ఉంది.

మా వాళ్ల పద్ధతిలో దించడమంటే పని మధ్యలో వచ్చే ఒక మెట్టు. పలకల సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం నూనె పట్టించి నీళ్లలోకి తోస్తారు. మొదట్లో సందుల్లోంచి నీళ్లు వస్తాయి, కంగారు పడరు, తోడి పోస్తారు. చెక్క నీళ్లు తాగి ఉబ్బి సందులు వాటంతట అవే మూసుకుంటాయి. పైన గుడిసె, పొయ్యి, మిగతా సర్దుబాట్లు ఆ తర్వాతే. గృహప్రవేశమైనా మనం అంతే కదా, పై అంతస్తుకి ఇనుప చువ్వలు వదిలేసి పాలు పొంగించేస్తాం.

కాబట్టి దించడం తప్పు కాదంటాను. కాకపోతే మీది ప్లై. దాన్ని నీళ్లు తాగనిచ్చే పద్ధతి లేదు, తాగితే కుళ్లే.

ఇంజిన్‌రూం_మాస్టారు (విశాఖ):

ఎపాక్సీ గారు చెప్పిన ఇబ్బందులన్నీ నిజమే. కానీ అవి ఓపికకు సంబంధించినవి. పడవ మునగడానికీ, కాలడానికీ సంబంధించినవి వేరే ఉన్నాయి. ముప్పై ఏళ్లు ఓడల ఇంజిన్ గదుల్లో చేసినవాణ్ణి, నా భయాలన్నీ అక్కడివే.

మొదటిది, వాటర్‌లైన్ కింద పెట్టే కన్నాలు. ఇంజిన్ చల్లబరిచే నీటికి ఒకటి, టాయిలెట్‌కి రెండు, సింకుకి ఒకటి. ఈ సీకాక్‌లు అంటే హల్‌కి కన్నం పెట్టి బిగించే వాల్వులు. టాయిలెట్ రెండేళ్ల తర్వాతే పెట్టుకో, కానీ దాని వాల్వులు ఇప్పుడే బిగించి మూతలు వేసేయి. లేకపోతే రెండు కన్నాల కోసం మొత్తం పడవని క్రేన్‌తో ఎత్తించాలి. హార్డ్‌వేర్ షాపు ఇత్తడి మాత్రం పెట్టకు. ఉప్పునీరు ఇత్తడిలోని జింకుని తినేస్తుంది, మిగిలేది గులాబీ రంగు గుల్ల. బయటికి వాల్వులాగే కనిపిస్తుంది, ఒకరోజు గట్టిగా తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. కంచు, లేదా పడవల కోసమే చేసే గట్టి ప్లాస్టిక్.

రెండోది గ్యాస్. మన సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు. ఇంట్లో లీకైతే కిటికీ తీస్తాం. పడవంటే అడుగు మూసిన గిన్నె, గ్యాస్ వెళ్లి బిల్జ్‌లో, అంటే నేల కింది అట్టడుగు భాగంలో, కూర్చుంటుంది, ఎవరో స్విచ్ వేసేదాకా అక్కడే ఉంటుంది. సిలిండర్ పెట్టే పెట్టె విడిగా ఉండాలి, దాని అడుగున కన్నం నేరుగా బయటికి, సముద్రం వైపు ఉండాలి. ఆ పెట్టె తయారయ్యేదాకా స్పిరిట్ స్టవ్ వాడుకో. క్యాంపు గ్యాస్ డబ్బాని లోపల పెట్టుకుని పడుకోవద్దు.

మూడోది కరెంటు. 12 వోల్టులే కదా అనుకోకు. షాక్ కొట్టదు, కానీ ఫ్యూజు లేని లావు వైరు ఎక్కడైనా రాసుకుంటే ఎర్రగా కాలి ప్లైని అంటిస్తుంది. మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి 7 అంగుళాల లోపు ఉండాలన్నది అమెరికా ప్రమాణాల్లో సాధారణ నియమం. తగరం పూత ఉన్న రాగి తీగే వాడు. ఇంటి వైరు సముద్రపు గాలికి లోపల్లోపలే నల్లబడుతుంది.

ఈ మూడూ ఒడ్డున పూర్తిచేసి దించితే నాకు అభ్యంతరం లేదు. అల్మరా తలుపులు లేక ఎవరూ మునగలేదు.

పాత_పడవే_మేలు (బ్రిస్బేన్):

అసలు ప్రశ్నే తప్పు. మీరు రెసిన్‌కీ ప్లైకీ షెడ్డు అద్దెకీ పోసిన డబ్బుతో 1980ల నాటి ఫైబర్ పడవ వచ్చేది. తెరచాపలు, స్టవ్, టాయిలెట్ అన్నీ దాంతోనే. ఈపాటికి మీరు ఏ ద్వీపం దగ్గరో లంగరు వేసుకుని చేపల పులుసు తింటూ ఉండేవారు.

లిటెల్టన్_గాలి:

నిజమే అన్నా, లెక్కలో మీరే గెలిచారు. కానీ హల్ అయిపోయాక వచ్చిన సలహా కదా, పెళ్లయ్యాక సంబంధం బాగాలేదన్నట్టుంది. మాస్టారూ, డెక్ మీద బిగించిన వించ్‌లు (తాళ్లు బిగించే చక్రాలు), స్టాంచియన్ల (అంచు కంచె కడ్డీలు) గురించి కూడా చెప్పరా?

ఇంజిన్‌రూం_మాస్టారు:

నీ డెక్ శాండ్‌విచ్ అయితే, అంటే మధ్యలో బల్సా అనే తేలిక చెక్క గానీ ఫోమ్ గానీ ఉంటే, ప్రతి బోల్టుకీ కన్నం పెద్దగా తొలిచి, ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడ్డాక అసలు సైజు కన్నం మళ్లీ పెట్టాలి. అప్పుడు సీల్ పోయినా నీరు లోపలి గుజ్జులోకి దిగదు. ఆ బోల్టుల నట్లు లోపలినుంచి చేతికి అందేలా ఉంచు. అందమైన సీలింగ్ వేసి మూసేస్తే ఐదేళ్ల తర్వాత ఎక్కడినుంచి కారుతుందో వెతకడానికి ఆ సీలింగ్‌నే పీకాలి. ఒక రకంగా లోపలి పని తక్కువ ఉండడమే మంచిది, మొదటి వానాకాలంలో ఎక్కడ కారుతుందో కళ్లతో చూస్తావు.

పడవాయన_భార్య (టౌరంగా):

ఇక్కడ అందరూ కట్టేవాళ్లే మాట్లాడుతున్నారు, కట్టేవాళ్ల ఇంట్లో ఉండేవాళ్లు ఒకరైనా మాట్లాడాలి కదా.

మా ఆయన తొమ్మిదేళ్లు 'ఇంకొంచెం' అన్నారు. మొదలుపెట్టినప్పుడు మా అబ్బాయి రెండో తరగతి. పడవలో వాడికని ఒక చిన్న పడక డిజైన్ చేశారు, పక్కనే పుస్తకాల అర. వార్నిష్ ఏడు పూతలు వేశారు, పూతకీ పూతకీ మధ్య రుద్దుతూ. అది తయారయ్యేసరికి వాడు ఆరడుగులయ్యాడు. ఆ పడకలో ఇప్పుడు లైఫ్‌జాకెట్లు పడుకుంటున్నాయి.

పదో ఏడు నేనే క్రేన్ వాళ్లకి ఫోన్ చేసి తేదీ ఖాయం చేశాను. వంటగట్టు ఇంకా అవలేదని ఆయన అలిగారు. బకెట్, స్పిరిట్ స్టవ్‌తో రెండు వేసవులు తిరిగాం. అప్పుడు తెలిసింది, ప్లాన్‌లో వంటగట్టు తప్పు చోట ఉంది. పడవ ఎడమకి ఒరిగితే నేను స్టవ్ మీదికి వాలిపోతున్నాను, కుడికి ఒరిగితే నా వెనక పట్టుకోవడానికి ఏమీ లేదు. అట్టపెట్టెలు కోసి, టేపు వేసి, అదే సైజులో ఉత్తుత్తి వంటగట్టు చేసుకుని ఒక వారం వండాను. పన్నెండు సెంటీమీటర్లు వెనక్కి జరిపి, నడుముకి ఒక పట్టీ పెట్టాక కుదిరింది. ప్లాన్ ప్రకారం షెడ్డులోనే కట్టేసి ఉంటే దాన్ని పీకి మళ్లీ కట్టేవాళ్లం. నీళ్ల ట్యాంకుల చోటు కూడా అప్పుడే మారింది.

ఎపాక్సీ_చేతులు:

అక్కా, అట్టపెట్టెల వంటగట్టు షెడ్డులో కూడా చేసుకోవచ్చు కదా?

పడవాయన_భార్య:

చేశాం తమ్ముడూ. షెడ్డు ఒరగదు.

ఎపాక్సీ_చేతులు:

సరే, ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను. కానీ రెండు వేసవుల తర్వాత మీరు నిజంగా వంటగట్టు కట్టుకున్నారు. చాలామంది కట్టరు. మా మెరీనాలో ఒకాయన పన్నెండేళ్లుగా బకెట్టే. పడవ నీళ్లలో ఉంటే శనివారం పొద్దున్న చేతికి రంపం రాదు, తెరచాప తాడే వస్తుంది. పైగా లోపల ప్లై పచ్చిగా వదిలేసి దించితే ఆ ఉప్పు చెమ్మలో దాని గతేంటి? చెమ్మ గాలిలో ఎపాక్సీ పూస్తే పైన జిడ్డు పొర కడుతుంది. దాన్ని నీళ్లతో, గరుకు స్పాంజితో కడిగి ఆరబెట్టకుండా రెండో పూత వేస్తే పొరలు పొరలుగా ఊడుతుంది. ఆరబెట్టడమెలా, నీళ్ల మీద ఉంటూ?

లిటెల్టన్_గాలి:

ఇది మాత్రం నాకు తగిలింది అన్నా. లోపల సగం ప్లైకి ఇంకా ఒక్క పూతే వేశాను. ఇక్కడ చలికాలంలో షెడ్డులో 5 డిగ్రీలుంటే ఎపాక్సీ రాత్రంతా తేనెలాగే ఉండిపోతుంది. తెలివి చూపించి డబ్బాని వేడినీళ్లలో పెట్టి ఒకేసారి ఎక్కువ కలిపాను, అది ఐస్‌క్రీమ్ కప్పులోనే ఉడికి పొగలు కక్కింది. కప్పు కరిగి బల్లకి అతుక్కుంది, దాన్ని అలాగే గుర్తుగా ఉంచాను. అందుకే ఆ పని వాయిదా పడింది.

తాళ్ళరేవు_వాడు:

రోరీ మెక్‌డూగల్ అని ఒకాయన స్వయంగా కట్టుకున్న 21 అడుగుల టికీ డిజైన్ కాటమరాన్‌తో, అంటే రెండు హల్‌ల పడవతో, 1991 నుంచి 1997 దాకా ప్రపంచమే చుట్టాడు. దాని లోపల నిలబడే ఎత్తే ఉండదు, ఇక వంటగది ఎక్కడ. మీరు ఏడు పూతల వార్నిష్ గురించి మాట్లాడుతున్నారు.

ఇంజిన్‌రూం_మాస్టారు:

ఆయన ధైర్యం ఆయనది. ఒకటి గమనించండి, న్యూజిలాండ్‌లో రిజిస్టరైన పడవ ఫిజీకో టోంగాకో బయల్దేరాలంటే కేటగిరీ 1 భద్రతా తనిఖీ పాసవ్వాలి. తీరం వెంట అకరోవా వెళ్లి రావడానికి ఆ గొడవ లేదు. బాబూ, నువ్వు ముందు ఎక్కడికి వెళ్దామనుకుంటున్నావో చెప్పు.

లిటెల్టన్_గాలి:

అకరోవానే మాస్టారూ. రెండు మూడేళ్లు ఇక్కడే. మీ అందరి మాటలూ విన్నాక షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాసుకున్నది ఇదీ. దించే లోపు లోపలి ప్లై మొత్తానికి మూడు పూతలు, సీకాక్‌లు అన్నీ, బ్యాటరీ, మెయిన్ ఫ్యూజు, బిల్జ్ పంపు, నావిగేషన్ లైట్లు. అల్మరాలు, వంటగట్టు, టాయిలెట్ తర్వాత. డిసెంబరు కాదు, ఫిబ్రవరి. మా ఆవిడ ఆ పక్కనే 'పట్టీ' అని రాసింది, ఈ పేజీ తనూ చదువుతోంది.

ఇంజిన్‌రూం_మాస్టారు:

ఖాళీ పడవ గీత కంటే పైకి తేలుతుంది, కంగారు పడకు. గొలుసు, నీళ్లు, బ్యాటరీలు, సామాను కలిస్తే నాలుగైదు వందల కేజీలు సులువుగా దాటుతుంది. అంతవరకు ఇసుక బస్తాలు అటూ ఇటూ జరిపి చూసుకుని ఏ బరువు ఎక్కడో నిర్ణయించుకో. నీళ్ల ట్యాంకు లోపల పెట్టేశావా, బయటే ఉందా?

లిటెల్టన్_గాలి:

బయటే ఉంది. ముందు గదిలో పడక కింద రావాలి. విరగ్గొట్టిన పడవలోది చవగ్గా దొరికితే కొన్నాను.

ఎపాక్సీ_చేతులు:

ఇప్పుడే వెళ్లి కొలువు. ఇప్పుడే.

లిటెల్టన్_గాలి:

కొలిచాను. మెట్లదారిలో దిగుతుంది. ముందు బల్క్‌హెడ్‌లో దారి 46 సెంటీమీటర్లు. ట్యాంకు ఎటు తిప్పినా 48.

ఇంజిన్‌రూం_మాస్టారు:

బల్క్‌హెడ్ కొయ్యకు. మాస్ట్ బరువు దాని మీదే.

లిటెల్టన్_గాలి:

రంపం కింద పెట్టేశాను మాస్టారూ.

పడవాయన_భార్య:

మా గ్యారేజీలో 80 లీటర్ల ట్యాంకులు రెండున్నాయి, చోటు మారినప్పుడు మిగిలినవి. వెడల్పు 40 ఉంటుంది, రేపు సరిగ్గా కొలిచి చెబుతాను. ఊరికే ఇస్తాం, కొరియర్ ఖర్చు మీది.